లేవడానికి వేసుకునే గోలీ

ఎవరొచ్చినా మా ఇంటి మగవాళ్లు కుర్చీలోంచి గబుక్కున లేవరు. తాత లేవలేదు, నాన్న లేవలేదు. రుద్రంగి దగ్గర మా ఊళ్లో దాన్ని దొరతనం అనేవారు. మేమూ కాదనలేదు. సిరిసిల్లలో ఒక పెళ్లిలో పెళ్లికొడుకు చేయి పట్టుకున్నాక నా వేళ్లు విడివడలేదు. నాకు చెమటలు పట్టాయి. "దొర పట్టంటే గట్లనే ఉంటది" అని పక్కవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఒంట్లో ఏదో ఉందని చెప్పుకోవడం కన్నా పొగరుబోతులనిపించుకోవడమే నయమనుకున్న వంశం మాది. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

చివరికి హైదరాబాద్‌లో డాక్టరు తేల్చాడు. బిగిసిన కండరం వెంటనే వదులు కాదు, అదీ జబ్బు. తండ్రి నుంచి పిల్లలకు వస్తుంది. గుండె లయ తప్పినవాళ్లకు ఎప్పటినుంచో ఇచ్చే గోలీ ఒకటి ఈ కండరాలను కూడా వదులు చేస్తుందట. ముందు ఈసీజీ తీయించి, నా గుండె బాగుందని చూసుకున్నాకే రాసిచ్చాడు.

ఆ గోలీ ఇప్పుడు నేనుంటున్న జగిత్యాలలో దొరకలేదు, కోరుట్లలోనూ దొరకలేదు. ఊళ్లో మా పొలం కౌలుకు చేసే పెద్దాయన కొడుకు హైదరాబాద్‌లో మందుల దుకాణంలో పనిచేస్తాడు. అతను పంపిస్తే, ఈయన నెలనెలా కోరుట్లలో బస్సు మారి జగిత్యాలలో మా ఇంటికి తెచ్చిస్తాడు. వయసులో నాకన్నా చాలా పెద్ద. మోకాళ్ల నొప్పులు కూడా.

గోలీ పనిచేసింది. ఎవరూ చూడనప్పుడు లేచి కూర్చుని, మళ్లీ లేచి, చిన్నపిల్లాడిలా మురిసిపోయాను.

మొన్న ఆయన వచ్చేసరికి వరండాలో కూర్చుని ఉన్నాను. పొద్దున్నే గోలీ వేసుకున్నాను, కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. అయినా లేవలేదు. లేవాలని తోచనే లేదు.

మందుల కవరు అందిస్తూ ఆయన నా కాళ్ల వంక చూశాడు. ముఖం చిన్నబోయింది.

"గోలీలు పనిచేస్తలేవా దొరా? ఇంకా లేవస్తలేదా?"

"పనిచేస్తున్నయి" అన్నాను, కూర్చునే.

ఆయన నమ్మలేదు. "నా దగ్గర మొగమాటమెందుకు? మా పిలగానికి ఫోన్ జేస్త. డాక్టర్ను అడిగి వేరేయి పంపుమంట. మళ్ల అచ్చుడు నాకేం కష్టం?" అంటూ జేబులోంచి ఫోన్ తీశాడు.

నాకు తల తీసేసినట్టయింది. ఆయన్ను ఆపాలంటే ఇంక ఒకటే దారి. లేచాను. ఎక్కడా పట్టుకోకుండా, ఒక్క ఊపున లేచాను.

ఆయన నన్ను చూశాడు, నా వెనక కుర్చీని చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"కూసోండ్రి దొరా" అన్నాడు మెల్లగా.