కటింగ్ వీల్‌కు తలస్నానం

రేణిగుంట రోడ్డులో గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే ఎల్లప్పను ఎవరూ ఎగతాళి చేయలేరు. ఆ పని ఆయనే ముందుగా చేసేసుకుంటాడు. తన బొజ్జ గురించి, బట్టతల గురించి, అటూ ఇటూ ఎటూ తెరుచుకోని తన మొదటి గేటు గురించి ఆయన చెప్పినన్ని కథలు ఇంకెవరూ చెప్పలేరు. ఇనుము కోసేటప్పుడు కళ్లద్దాలను నెత్తిమీద పెట్టుకునేవాడు. "కండ్లకన్నా నెత్తే మెరుస్తా ఉండాది, దానికే కావలి కావాల" అనేవాడు.

పోయిన వేసవిలో ఇనుపరజను ఎగిరొచ్చి కంట్లో గుచ్చుకుంది. డాక్టరు దాన్ని తీసి పంపాక, ఆస్పత్రి మెట్లమీదే భార్య వరదమ్మ తీర్పు చెప్పేసింది.

"ఇంగొక్కసారి ఆ గ్రైండింగ్ మిషన్ నిన్నేమన్నా చేసిందంటే పాత ఇనుము బండికేసేస్తా. నా టిఫినంగట్లో ప్లేట్లు కడుగుదువు గానీ."

ఎల్లప్ప నవ్వాడు గానీ భయం పట్టుకుంది. ఇనుము తప్ప మరే పనీ ఆయన చేతికి లొంగదు. ఒకసారి ఆమె అంగట్లో దోసె తిప్పబోతే, అది పొయ్యి వెనకాల దొరికింది. ఆనాటి నుంచి అద్దాలు నెత్తి దిగి కళ్లమీదికి వచ్చాయి.

ఆయుధపూజ వచ్చింది. మిషన్‌ను చూసి ఎల్లప్పకు భక్తి పొంగింది. చక్రానికి అరచందమామలా అడ్డుండే గార్డును విప్పి చింతపండుతో తోమాడు. అంతటితో ఆగితే ఆయన ఎల్లప్ప ఎందుకవుతాడు? ఇనుము కోసే ఆ రాతిపొడి చక్రాన్ని, అంటే కటింగ్ వీల్‌ను, పసుపునీళ్ల బేసిన్‌లో వేసి సాయంత్రం దాకా నానబెట్టాడు. పైపైన తుడిచి, కుంకుమ పెట్టి, మిషన్‌కు బిగించాడు. గార్డు మాత్రం తళతళలాడుతుంటే తీయబుద్ధిగాక దేవుడి పటం ముందే ఉంచేశాడు.

మరునాడు పొద్దున్నే పక్కవీధి ప్రతాప్ ఒక ఇనుప కమ్మీ పట్టుకొచ్చాడు. ఇల్లు కట్టుకుంటున్నాడు, తొందరలో ఉన్నాడు.

"మామా, ఇది రోంత పొడుగెక్కువుండాది, కోసిచ్చేయి. అవునూ, గార్డు యాడ?"

"సామి దగ్గర కూర్చోనుండాది. దానికి ఈ పొద్దు సెలవు. నువ్వు నా యెనక్కి రా."

కమ్మీని బల్లకున్న వైస్ పట్టులో బిగించి, రెండు చేతులతో మిషన్ పట్టుకుని, బొజ్జ అడ్డమొస్తుంది కాబట్టి ఎప్పటిలాగే చక్రానికి ఎదురుగా కాక పక్కకు ఒరిగి నిలబడ్డాడు. కమ్మీ సగం తెగిందో లేదో, ఫట్‌మని చక్రం పగిలింది. మిషన్ చేతుల్లో గింజుకుంది. ఎల్లప్ప స్విచ్ ఆపి చూశాడు. చక్రానికి ఎదురుగా, షట్టరుకు పండగనాడు కట్టిన అరటి బోదెలో ఒక ముక్క దిగబడి ఉంది. చుట్టూ నీరు కారుతోంది.

"మామా, సరిగ్గా నీ గొంతెత్తున ఉండాది" అన్నాడు ప్రతాప్.

'నేనింకా పొట్టోణ్ణిలే' అనాలనుకున్నాడు ఎల్లప్ప. జీవితంలో మొదటిసారి ఆయనకు జోకు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

అంతలో వరదమ్మ కాఫీ గ్లాసుతో వస్తూ కనిపించింది. ఆయన ఒక్క అంగలో వెళ్లి అరటిబోదెను వాటేసుకున్నాడు.

"ఏమయ్యా, పెండ్లాన్ని ఈడ పెట్టుకోని అరటిచెట్టును కావిలించుకోనుండావు?"

"పండగ... ఇంకా మనసులోంచి పోలేదు మే."

ఆమె భుజం పట్టి పక్కకు లాగింది. ముక్కను చూసింది, ఆయన గొంతును చూసింది. కాఫీ గ్లాసు కింద పెట్టి, మిషన్ చేతిలోకి తీసుకుంది.

"అది నన్నేమీ చేయలేదు వరదా!" ఎల్లప్ప అడ్డమొచ్చాడు. "నేనే దానికి తానం చేయించినాను. తడిస్తే ఆ చక్రం పట్టు ఇడిసేస్తాదని నాకు తెలుసు. కొత్త పిల్లోళ్లకు చెప్పేదే నేను. అది బంగారం మే, ఎదవను నేను."

వరదమ్మ మిషన్ కింద పెట్టింది. తర్వాత ప్లగ్గు పీకి, లోపలికి వెళ్లి గార్డు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "సామి ముందర కూర్చోబెట్టాల్సింది దీన్ని కాదు, నిన్ను. బిగించు."

ఇప్పుడు మిషన్ కాపురం టిఫినంగట్లో, పిండి డబ్బా పక్కన. రోజూ పొద్దున ఎల్లప్ప అక్కడే గార్డు బిగించి, పొడి చక్రం వేసి, అద్దాలు పెట్టుకుని చూపించాలి. ఇడ్లీలు తినేవాళ్లందరూ చూస్తుండగా ఆమె గార్డును పట్టి ఊపి చూస్తుంది. కదలకపోతేనే పోనిస్తుంది.

మొన్న ఆమె బొజ్జ తగ్గించమంది.

"ఇదీ గార్డే మే" అన్నాడు ఎల్లప్ప, ఇంకో ఇడ్లీకి ప్లేటు చాపుతూ. "ఆ పొద్దు పనిచేసింది ఇదొక్కటే."