గేమ్ ఆడింది నేనే

సిరిసిల్లలో మా సేటు మగ్గాల కార్ఖానాలో చీరల డిజైన్లు చేసే కంప్యూటర్ ఎలా చెడిపోయిందో తెలిసి కూడా పదేళ్లకు పైగా నోరు విప్పలేదు. ఆపరేటర్‌గా ఉన్న నేను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న కార్ రేస్ గేమ్‌తో వైరస్ వచ్చి డిజైన్లన్నీ పోయాయి.

గ్రాఫ్ కాగితం మీద డిజైన్లు గీసే రాజేశం మామ అవి పోయిన రోజు పొద్దునే ఒక్కసారి మౌస్ పట్టుకుని చూశాడు. సేటు ఆయన మీదే అరిచాడు. “రాని పనిల చెయ్యెందుకు పెట్టినవ్?”

“బొమ్మ చూసిన గంతే, సేటూ!”

నేను తల వంచుకున్నాను. ఆయన ఆ రోజే పని మానేశాడు.

మొన్న ఆయన ఇంటికి వెళ్లి నిజం చెప్పాను.

“నేనే చెడగొట్టిన అనుకున్న గదరా ఇన్నేండ్లు! గా భయానికే మనుమరాలి ఫోన్ గూడ ముట్టుకుంటలేను” అన్నాడు.

“తప్పు నాదే మామా, నన్ను క్షమించు” అన్నాను.