కుమ్మరి పురుగూ, కంప్యూటర్ గది స్విచ్చూ

మా పాఠశాలలో ఇప్పుడు వైఫై వచ్చిందనీ, ఐదు రంధ్రాల పాత నెట్‌వర్క్ స్విచ్‌ను గోడ నుంచి తీసివేశారనీ ఈమధ్య విన్నాను. దానితో మేము ఎట్లా పని చేశామో తెలిసినవారు బదిలీలతో, పదవీ విరమణలతో చెదిరిపోయారు. అందువల్ల ఈ సంగతి రాసి ఉంచడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ములకలపల్లి మండలంలో, అడవిని ఆనుకొని ఉన్న ఆ పాఠశాలకు అప్పట్లో నేను ప్రధానోపాధ్యాయుణ్ణి. అక్కడ సెల్ సిగ్నల్ అందేది కాదు. నా గదిలోని రౌటర్ నుంచి ఒక వైరు కంప్యూటర్ గదిలోని స్విచ్‌కు వచ్చేది; అక్కడి నుంచి రెండు కంప్యూటర్లకు ఇంటర్నెట్ అందేది. ముందు అడాప్టర్ పెట్టి లైటు వెలిగేదాకా ఆగాలి; తరువాత రౌటర్ వైరు; ఆ తరువాతనే కంప్యూటర్లవి. ఈ క్రమం తప్పితే నేను సహించేవాణ్ణి కాను. మిగిలిన రెండు రంధ్రాలను కాగితపు ఉండలతో మూసేవాళ్లం. మా వైపు ఖాళీ రంధ్రం కనిపిస్తే చాలు, కుమ్మరి పురుగు అని మేము పిలిచే కందిరీగ మట్టి తెచ్చి గూడు కడుతుంది. తాళం కప్పలను కూడా వదలదు. ఉరుము వినబడితే వైర్లన్నీ ఊడదీయడం మరొక నియమం.

అది బదిలీల ఆప్షన్లు, అంటే కోరుకున్న ఊళ్లు, ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఆఖరి రోజు. మా హిందీ ఉపాధ్యాయిని దమ్మపేట కోరుకుంటున్నది. ఆమె పసిబిడ్డ అక్కడ అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నది. ప్రతి ఆదివారం సాయంత్రం బిడ్డ నిద్రపోయాక దొంగలాగా బస్సెక్కేది. ఆ మధ్యాహ్నం ఉరిమింది. వైర్లు ఊడదీసిందీ, వాన వెలిశాక మళ్లీ పెట్టిందీ ఆమే. ఇంటర్నెట్ మాత్రం రాలేదు. సాయంత్రం ఐదింటికి గడువు ముగుస్తుంది.

“సార్, పేజీ తెరుచుకుంటలేదు” అంటూ నా గదికి పరుగెత్తుకొచ్చింది.

వెళ్లి చూశాను. మామూలుగా స్విచ్ లైట్లు దేని పని అది చేసుకుంటున్నట్లు విడివిడిగా మిణుకుమనేవి. ఆ రోజు అన్నీ ఒక్కసారే, ఆగకుండా కొట్టుకుంటున్నాయి. అడాప్టర్ తీసి మళ్లీ పెట్టినా మారలేదు. ఒక్కొక్క వైరునే వేలితో పట్టుకొని చివరిదాకా చూసుకుంటూ వచ్చాను. ఒక పొట్టి వైరు ఏ కంప్యూటర్‌కూ పోలేదు; స్విచ్‌లో బయలుదేరి అదే స్విచ్‌లోకి వచ్చింది.

“ఇదెవరు పెట్టారు?”

“నేనే సార్. కాగితం ఉండలు రాలిపోయినయ్. పురుగు గూడు కడ్తదని ఈడ పడి ఉన్న ఆ వైరు కొసలే రెండు బొక్కలల్ల పెట్టిన.”

గడపలో నిలబడ్డ వంట ఆయమ్మకు నవ్వాగలేదు. “గిట్ల జేసినవేంది టీచరమ్మా! పురుగును ఆపవోయి నెట్టునే ఆపినవా?”

“నవ్వకు ఆయమ్మా, నాకు ఏడుపొస్తాంది.”

“ఏడ్సుడెందుకు, పొద్దింకా ఉన్నది. సారూ, జల్దీ పీకుండ్రి!”

పంపిన సమాచారమే ఆ వైరు గుండా మళ్లీ మళ్లీ తిరిగి వచ్చి దారినంతా నింపివేసింది. వైరు పట్టుకున్నాక నా చేయి ఒక్క క్షణం ఆగింది. ఆమె వెళితే అటువంటి ఉపాధ్యాయిని మాకు మళ్లీ రాదని తెలుసు. లాగివేశాను. లైట్లు నెమ్మదించాయి. ఆమె దమ్మపేట ఎంచుకొని బటన్ నొక్కింది.

ఉత్తర్వు వచ్చింది, ఆమె వెళ్లింది; ఆమె స్థానంలో ఎవరినీ వేయలేదు. ఆ ఏడాదంతా హిందీ పీరియడ్లు నేనే తీసుకున్నాను. పిల్లలు నా ఉచ్చారణకు నవ్వుకుంటుంటే, ఎన్నడూ లేనిది, మందలించబుద్ధి కాలేదు.

ఇదంతా జ్ఞాపకం మీద రాసినది. సాంకేతిక విషయాలలో గాని, సంఘటనల వరుసలో గాని పొరపాట్లు దొర్లి ఉంటే తెలిసినవారు మొహమాటపడక సరిదిద్దవలసిందిగా కోరుతున్నాను.