సీలు తీయని పన్నెండు కామిక్ పుస్తకాలు

వంకాయ కొన్నా రెండు వైపులా తిప్పి చూసే మనిషిని నేను. అలాంటివాణ్ని ఒక తెలుగు కామిక్ పుస్తకాల పెట్టె నెల రోజులపాటు కుదురుగా ఉండనివ్వలేదు. పెట్టెలో పన్నెండు పుస్తకాలు. ఒక గజదొంగ, వాణ్ని ఎప్పటికీ పట్టుకోలేని ఒక పొట్టి కొత్వాలు. చిన్నప్పుడు వారపత్రికలో చూసి పడి పడి నవ్విన కథ ఇప్పుడు గట్టి అట్టలతో, రంగుల్లో వచ్చింది. ధర మాత్రం మా గురుగ్రామ్ ఫ్లాటుకు ఎండాకాలంలో వచ్చే కరెంటు బిల్లంత ఉంది.

"పాపకు కొందామనుకుంటున్న" అన్నాను మా ఆవిడతో.

"పాపకు అ ఆలే రావు. గంత పైసలు పెట్టి కొంటే ఎవరు చదువుతరు?" అంది.

అన్నమాట నిజమే. మా ఎనిమిదేళ్ల పాపకు తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే వస్తుంది. అయినా నా మనసు ఊరుకోలేదు. నేను నవ్వినచోట అది ఒక్కసారి నవ్వితే చూడాలని నా కోరిక. నవ్వకపోతే అంత డబ్బూ పోయినట్టే, దాంతోపాటు నా ముచ్చటా.

ముందు చూసి తరవాత కొందామని ఢిల్లీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగాను. జనక్‌పురిలో ఉండే ఒక పెద్దాయన, బ్యాంకులో పనిచేసి రిటైరైన కాకినాడ మనిషి, తన దగ్గర సెట్టు ఉందని, వచ్చి చూడమని రాశారు. ఆదివారం పాపను వెంటబెట్టుకుని మెట్రో ఎక్కాను.

పెట్టె హాల్లో అద్దాల బీరువాలో, వెండి కుంకుమభరిణె పక్కన ఉంది. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఆయన బీరువా తాళం తీసి, పెట్టెను రెండు చేతులతో పట్టుకుని ముందూ వెనకా చూపించారు.

"లోపల చూడొచ్చా అంకుల్?"

"సీలు తీస్తే ఇంకేవుందండీ, పాతదైపోద్ది. మా అబ్బాయి కోసం కొన్నానండి. ఆడికి తెలుగు చదవడం రాదు. చదవడం వచ్చాక తీద్దారని ఉంచేశాను."

అబ్బాయి వయసెంతని అడిగాను. ముప్పై నాలుగట.

నా ఉత్సాహం అక్కడే చల్లబడింది. రేపు మా ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. కాఫీ తాగి బయల్దేరదామనుకుంటుండగా, ఆ కాఫీలే పట్టుకుని ఆంటీ వంటింట్లోంచి వచ్చారు.

"ఏడాది నుంచీ దాని దుమ్ము దులుపుతున్నానండి నేను. పాప అంత దూరం నుంచొచ్చింది, తీయండి" అంటూ కూరలు తరిగే కత్తి తెచ్చి ఆయన చేతికిచ్చారు.

ఆయన అంచు వెంబడి నెమ్మదిగా కోశారు. మొదటి పుస్తకం నాకివ్వబోయి, "ఒక్క పేజీ చూసిస్తానండి" అన్నారు. ఆ పేజీ పైకి చదివారు. తరవాత ఇంకోటి. కొత్వాలుకు గోదావరి యాస వచ్చేసింది, దొంగకు ముక్కుతో మాట్లాడే గొంతు. కొత్వాలు దొంగ దొరికాడనుకుని సొంత మామగారినే గోనెసంచిలో కట్టి తెచ్చేచోట ఆయనకు నవ్వు ఆగక, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. పాప సోఫా దిగి వెళ్లి ఆయన మోచేతి పక్కన నిలబడింది. నేను అలవాటు కొద్దీ హిందీలో అర్థం చెప్పబోయాను.

"డాడీ, చుప్ రహో నా. సమఝ్ ఆ రహా హై" అంది.

తనకు అర్థమవుతోందట. నోరు మూసుకున్నాను. ఇద్దరూ కలిసి నవ్వుతున్నారు, సరిగ్గా నేను చిన్నప్పుడు నవ్వినచోటే. అంత సంతోషం నాకు ఈ మధ్యకాలంలో కలగలేదు. ఆంటీ కూడా కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. కాఫీలు ఎవరూ ముట్టుకోలేదు.

చివరి పేజీలో దొంగ బావిలోకి దూకాడు. కింద 'సశేషం' అని ఉంది. "ఫిర్ క్యా హువా?" అని, ఆ తరవాత ఏమైందో చెప్పమని పాప ఆయన్నే అడిగింది. మాకు పొద్దుపోయింది, ఇక వెళ్లాలి.

"అంకుల్, రెండో పుస్తకం ఒక్కటి ఇస్తారా? వచ్చే ఆదివారం తెచ్చిచ్చేస్తాను" అన్నాను.

ఏడాదిగా ఆ పెట్టె తెరవని మనిషి పుస్తకాలన్నీ ఒళ్లోకి లాక్కున్నారు.

"అదొక్కటీ అడక్కండి. మేవింకా చదవలేదు కదండీ. మీరు కొనుక్కోండి, చాలా బావుందండి."

మెట్రో స్టేషన్ మెట్లెక్కుతూనే ఆర్డరు పెట్టేశాను.