గుమస్తా చేయని పదకొండు తప్పులు

కోర్టు రికార్డుల్ని నమ్మితే మా గుమస్తాగారంత మతిమరుపు మనిషి ఈ ఊళ్లో ఇంకొకరు లేరు. వాయిదా తేదీ తప్పు రాసుకున్నది ఆయన, కాగితాల కట్ట ఒకచోట పెట్టి ఇంకోచోట వెతికింది ఆయన, గడువులోగా అప్పీలు వేయడం మరిచిందీ ఆయనే. అన్నిటికీ ఆయన సంతకంతో అఫిడవిట్లు ఉన్నాయి. నిజానికి ముప్పై నాలుగేళ్లలో ఆయన ఒక్క వాయిదా కూడా మరిచిపోలేదు. ఏ కేసు ఏ రోజుకుందో డైరీ తెరవకుండా చెప్తారు. నా పెన్ను ఎక్కడుందో కూడా ఆయనే చెప్పాలి.

మా వృత్తిలో ఇదొక పాత అలవాటు. పొరపాటు లాయరుది, ప్రమాణం గుమస్తాది. జడ్జిగారు గుమస్తాకి నాలుగు చివాట్లు పెట్టి వదిలేస్తారు, లాయరు పరువు నిలుస్తుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఆయన కంటి ఆపరేషన్‌కి సెలవు పెట్టినప్పుడు నా వంతు వచ్చింది. బట్టలు కుట్టి బతికే ఒకావిడ తన అద్దె కొట్టు ఖాళీ చేయాలని తీర్పొచ్చింది. అప్పీలుకి గడువు ముప్పై రోజులు. తీర్పు నకలు తయారైన రోజు నుంచి లెక్కపెట్టాలి. నేను దాన్ని చేతికి తెచ్చుకున్న రోజు నుంచి లెక్కపెట్టాను. సెలవు నుంచి వచ్చిన గుమస్తాగారు నకలు వెనక తేదీ ముద్ర చూసి, నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు.

"గడువు నాలుగు రోజులు దాటిందమ్మా," అన్నారు.

జడ్జిగారు ఆలస్యాన్ని మన్నించకపోతే ఆవిడ బతుకుతెరువు పోతుంది.

సాయంత్రానికల్లా ఆయనే ఒక అఫిడవిట్ టైపు చేసి తెచ్చారు. కట్ట తానే బీరువాలో పెట్టి మరిచిపోయానని.

"సంతకం పెట్టేస్తానమ్మా. నాకిదేం కొత్త కాదు కదా."

నిజం చెప్పొద్దూ, నాకు ఆశ పుట్టింది. గుమస్తా తప్పంటే కోర్టు తేలిగ్గా మన్నిస్తుంది, కాబట్టి ఆవిడకి అబద్ధమే మేలు అని మనసుకి నచ్చజెప్పుకున్నాను. మనసుకేం, చెప్పినట్టల్లా వింటుంది.

"ఇప్పటిదాకా ఇలాంటివి ఎన్ని పెట్టారు?" అని అడిగాను.

"పదకొండు."

"వాటిలో మీ తప్పులెన్ని?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్కటీ లేదమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద, నాకు ముందు ఆయనతో ఆ సంతకాలు పెట్టించిన లాయర్ల మీద, అందరికంటే ఎక్కువ నా మీద. కాగితం చింపేశాను.

"ఆపరేషన్ బల్ల మీదున్న మనిషి కట్ట ఎలా మరిచిపోతాడండీ!" అని అరిచాను.

మర్నాడు కుట్టుపని ఆవిణ్ని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు నాది, ఇంకో లాయరు దగ్గరికి వెళ్లొచ్చు, నా మీద ఫిర్యాదూ చేయొచ్చు అన్నాను.

"నేను బట్ట తప్పు కత్తిరిస్తే కొత్త బట్ట కొనిస్తాను. మీరేం కొనిస్తారు?" అంది ఆవిడ.

లేచి వెళ్లిపోయింది. రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది.

"దాచకుండా చెప్పారు కాబట్టి ఉంటున్నా. క్షమించాననుకోకండి," అంది.

నా పేరుతో నేనే అఫిడవిట్ వేశాను. జడ్జిగారు కాగితం తిరగేస్తూ అలవాటుగా, "మీ గుమస్తా ఏం చేస్తున్నాడు?" అన్నారు.

"అప్పుడు ఆయన సెలవులో ఉన్నారు సర్. తప్పు నాది."

ఎదుటి లాయరు నవ్వాడు. జడ్జిగారు నిండు కోర్టులో నాకు గట్టిగానే గడ్డిపెట్టి, చివరికి ఆలస్యాన్ని మన్నించారు. అప్పీలు నిలబడింది. బయటికొచ్చాను.

గుమస్తాగారు కోర్టు వరండా మెట్ల మీద కూలబడి ఉన్నారు. కళ్లలో నీళ్లు. ఆపరేషన్ వల్లనేమో అనుకున్నాను.

"మా అమ్మాయికి ఎనిమిదేళ్లున్నప్పుడు ఇక్కడికి తీసుకొచ్చానమ్మా, నాన్న పని చూస్తుందని. ఆ రోజే అప్పటి జడ్జిగారు నన్ను ఇలా తిట్టారు. తప్పు నాది కాదే అని ఇంటికెళ్తూ దారిలో చెప్పాను. 'మరి సంతకం నువ్వే పెట్టావుగా నాన్నా' అంది."

నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"దానికిప్పుడు ముప్పై ఏళ్లు. ఇప్పటికీ ఏం చెప్పినా, మరిచిపోతావు, కాగితం మీద రాసుకో నాన్నా అంటుంది. రాసుకుంటాను."