చేతికి తగిలే గడ్డ

మా అమ్మ ఎడమ రొమ్ములో ఉన్న క్యాన్సర్ గడ్డను డాక్టరమ్మ సూదితో కాల్చిన రోజు, సాయంత్రానికే మేం కర్నూల్లో ఊరి బస్సెక్కాం. ఇల్లు చేరాక అమ్మ మంచం మీద కూర్చుని, రవిక పక్కకు తీసి చూసుకుని, "ఇంతేనా?" అంది. చిన్న ప్లాస్టరు ముక్క, దాని కింద సూదిపోటు. అక్కడ మొదలయ్యాయి నా తిప్పలు.

అమ్మకు గుండె బలహీనం. ఇలాంటి గడ్డను కోసి తీయడమే మామూలు పద్ధతి గానీ, పూర్తి మత్తు ఇస్తే ఆమె తట్టుకోలేదని డాక్టరమ్మ ముందే చెప్పింది. గడ్డ చిన్నది, శనక్కాయ గింజంత. అందుకే ఈ దారి. ఆ చోటు వరకే మొద్దుబార్చి, స్కానింగ్ తెర మీద చూసుకుంటూ, సన్నటి సూదిని గడ్డ నడుమకు దించి, మొనను వేడెక్కిస్తారు. గడ్డ ఉడికి చచ్చిపోతుంది. చచ్చినదాన్ని బయటికి తీయరు. కొన్ని నెలలు గట్టిగా చేతికి తగులుతూనే ఉంటుంది, మెల్లగా కుంచించుకుపోతుంది. మూడు నెలలకు మళ్లీ స్కాన్ తీసి, ఏ మూలనైనా ప్రాణం మిగిలిందేమో చూడాలి. "ఆ స్కాన్ మాత్రం తప్పించొద్దు. మిగిలుంటే అప్పుడే పట్టుకోవాలి," అని ఆమె నాకు రెండుసార్లు చెప్పింది. రోజుకొక మాత్ర రాసింది. నేను బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. అమ్మకు ఈ మాత్రం అర్థం చేయించడం ఎంత పని అనుకున్నాను.

మరుసటి రోజే మా సంఘంలోని ఆడవాళ్లు ప్రార్థన చేయడానికి వచ్చారు. చర్చిలో ఎవరికి జబ్బు చేసినా అంతే, బైబిలు చంకన పెట్టుకుని ఇద్దరిద్దరుగా వస్తారు. ప్రార్థన బాగానే చేశారు. తర్వాత తలుపు దగ్గరికి వేసి, "యాడ కోసినారో చూపీ పెద్దమ్మా," అన్నారు. కోత లేదు, కుట్లు లేవు. ఒకామె నొక్కి చూసింది. "గడ్డ ఈడే ఉండాది కదా!" అంది. ఇంకొకామె కూడా నొక్కి, అవునంది. వారం తిరిగేసరికి ఆ గడ్డను పట్టి చూడని ఆడమనిషి మా వీధిలో లేదు. పాస్టరమ్మగారు కూడా చూసింది. పాపం, ఆమె ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే అమ్మకు చాలింది.

"ఆస్పత్రోళ్లు మనల్ని మోసం చేసినారు పాపా."

"మోసం కాదుమా. అది సచ్చిపోయినాది. దాని శవం ఉండాది, అంతే."

"శవాన్ని ఎవరన్నా ఇంట్లో పెట్టుకుంటారా?"

తెల్లారి ఒక గుడ్డు ఉడకబెట్టి, పొట్టు తీసి అమ్మ చేతిలో పెట్టాను. గట్టిగానే ఉంది కదా, దీంట్లో నుంచి పిల్ల వస్తుందా అని అడిగాను. గడ్డ కూడా ఇంతే అని చెప్పాను. అమ్మ గుడ్డును అటూ ఇటూ తిప్పి చూసి, "ఉప్పు యాడ?" అంది.

ఒక ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలప్పుడు అమ్మను లేవమన్నారు. జబ్బు నయమైనవాళ్లు లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం మా దగ్గర వాడుక. అమ్మ తల వంచుకుని కూర్చుంది, లేవలేదు. ఇంటికొచ్చాక, "గడ్డ పెట్టుకోని బాగయినానని దేవుని మందిరంలో అబద్ధం చెప్పమంటావా?" అని నా మీదికొచ్చింది. అప్పట్నుంచి మాత్రలు కూడా మానేసింది. నేనిచ్చినవన్నీ దిండు కింద దొరికాయి. నా తల ప్రాణం తోకకొచ్చింది.

స్కాన్ రేపనగా, "నేను రాను," అంది. చాటలో శనక్కాయలు పెట్టుకుని ఒలుస్తోంది. బతిమాలాను, వినలేదు. ఆఖరికి అరిచేశాను. "ఊళ్లో ప్రతి ఒక్కరి మాటా నమ్ముతావు. సదువుకున్న కూతురి మాట మాత్రం నమ్మవు! నీకు చెప్పేదానికన్నా ఆ గోడకు చెప్పుకుండేది మేలు!"

అమ్మ ఒలవడం ఆపలేదు. "వాళ్లు చెయ్యి పెట్టి చూసి చెప్పినారు. నువ్వు చూసినావా?" అంది.

చూడలేదు. రిపోర్టులన్నీ చూశాను, ఒక్కో మాటకు అర్థం వెతుక్కుని మరీ చదివాను. ప్లాస్టరు మార్చేటప్పుడు మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాను. ఊరంతా చెయ్యి పెట్టిన చోట నేనొక్కదాన్నే పెట్టలేదు. అది సిగ్గని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. సిగ్గు కాదు, భయం.

అమ్మ చాట పక్కన పెట్టి, రవిక హుక్కులు తీసి, నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. వేళ్ల కింద గట్టిగా తగిలింది. తగులుతుందని నాకు తెలుసు. ఎందుకు తగులుతుందో అందరికీ చెప్పింది నేనే. అయినా అది చచ్చిపోయిందని ఆ నిమిషాన ఎవరైనా ఒట్టు పెట్టమంటే పెట్టలేకపోయేదాన్ని.

"ఉండాదా, లేదా?"

"ఉండాదిమా," అన్నాను. ఏడుపొచ్చేసింది. "సచ్చిందో లేదో నాకు తెలీదు. నాకు శానా భయమైతాంది."

"నాకూ అంతే పాపా. మూన్నెల్ల నుంచి," అంది అమ్మ. "ఎవరితో చెప్పుకుండేది? నోరు తెరిస్తే నువ్వు పాఠం చెప్తాంటివి."

హుక్కులు పెట్టుకుని, ఒళ్లో పడ్డ పొట్టు దులుపుకుంది. తర్వాత, రేపు బస్సు ఎన్నింటికని అడిగింది.