లిఫ్ట్ దగ్గర పౌర హక్కు

కొత్తగూడ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన చేతిలో ఒక పుస్తకం ఉంది. దాని మీద ‘పౌర హక్కులు’ అని రాసుంది. పౌరశాస్త్రం పాఠం రాకముందే బడికి రాంరాం చెప్పినవాణ్ని కదా, ఊరుకోలేక అడిగాను.

“గివి ఏ దుకాణంల దొరుకుతయి సార్?”

ఆయన నవ్వాడు. “ఎవరో ఇచ్చేవి కావు బాబూ. ఈ దేశంలో అందరితో సమానంగా బతకడానికి నీకున్న హక్కులు.”

“మరి ఏసీ బాగుచెయ్యనీకి పోతే మమ్మల్ని అపార్ట్‌మెంటోళ్ల లిఫ్ట్ ఎక్కనియ్యరు. సామాన్ల లిఫ్టే మాకు.”

“ఎక్కు. ఆపితే ఇది నా పౌర హక్కని చెప్పు. నేనక్కడ ఉంటే నీ పక్కన నిలబడతాను.”

దిగాక చూస్తే ఇద్దరం వెళ్లేది ఒకే అపార్ట్‌మెంటుకి. సామాన్ల లిఫ్ట్ చెడిపోయింది. నా పనేమో పన్నెండో అంతస్తులో. ఆయన వెనకే నేనూ లిఫ్ట్‌లో అడుగుపెట్టాను. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఇది నా పౌర హక్కే అన్నా,” అన్నాను, ఆయన వైపు ధీమాగా చూస్తూ.

వాచ్‌మన్ కూడా ఆయన వైపే చూశాడు. “మీతోని వచ్చిండా సార్?”

“నాతోనా? లేదయ్యా,” అంటూ ఆయన మీట నొక్కాడు. నేను బయటికి వచ్చాను, తలుపులు మూసుకున్నాయి.

“గింత పెద్ద మాట యాడ నేర్చుకున్నవ్ తమ్మీ?” అన్నాడు వాచ్‌మన్.

నేర్పినాయన ఇప్పుడే పైకి వెళ్లాడని చెప్పలేక, పనిముట్ల సంచి భుజానికెత్తుకుని మెట్ల వైపు నడిచాను.